నాసిక్‌లో ఏ వైనరీకి వెళ్లాలి? ముందు దిక్కు తేల్చుకోండి

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన కొట్టుకి వెళ్లి చూడండి. విస్కీ, బ్రాందీ, బీరు వరుసలన్నీ దాటాక ఏ అడుగు అరలోనో నాలుగు వైన్ సీసాలు దుమ్ము కొట్టుకుని కనిపిస్తాయి. పేరు దానిది, వ్యాపారం మిగతావాటిది. అందుకే వైన్ తయారయ్యే చోటికి వెళ్లి, తోట చూసి, నాలుగు రకాలు రుచి చూసి రావడమన్నది మనవాళ్లకు కొంచెం కొత్త సరదా. ఊరు మాత్రం కొత్తది కాదు. షిరిడీకో త్ర్యంబకేశ్వరానికో బయల్దేరిన తెలుగువాళ్లు ఎన్నో ఏళ్లుగా నాసిక్‌లో దిగుతూనే ఉన్నారు. బాసర, భద్రాచలం, రాజమండ్రి చూసే గోదావరి పుట్టేది త్ర్యంబకం పక్కనున్న బ్రహ్మగిరిలోనే. కొండ దిగిన కొద్ది దూరానికే ఆ నీళ్లు గంగాపూర్ డ్యామ్ వెనక నిలుస్తాయి. దేశంలో అందరికీ ముందుగా గుర్తొచ్చే వైన్ తోటలు ఆ నీటి ఒడ్డునే ఉన్నాయి.

చిక్కు వచ్చేది ఎంపిక దగ్గర. ‘చూడాల్సిన పది వైనరీలు’ అంటూ దొరికే జాబితాలు పేరు ప్రఖ్యాతుల వరుసలో ఉంటాయి తప్ప రోడ్డు వరుసలో ఉండవు. వాటిలో మొదటిది పడమట, రెండోది ఊరికి 40 కిలోమీటర్ల తూర్పున, మూడోది నైరుతిలో. ఆ వరుస పట్టుకుని బయల్దేరితే రోజులో సగం కారులోనే గడుస్తుంది. నాసిక్ విషయంలో ‘ఏ వైనరీ గొప్పది’ అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న కాదు. ఏ దిక్కుకు, ఏ నెలలో, ఏ తేడా చూడటానికి వెళుతున్నారో తేలితే పేర్లు వాటంతట అవే తేలిపోతాయి.

నాలుగు దిక్కులు, నాలుగు రకాల రోజులు

పడమటి దిక్కు గంగాపూర్–సావర్‌గావ్ రోడ్డు. సులా, యార్క్, సోమా మూడూ ఈ దారిలోనే, ఒకదానికొకటి కొద్ది నిమిషాల దూరంలో ఉంటాయి. ఊరి నుంచి సులాకు అరగంట చాలు. తొలిసారి వెళ్లేవాళ్లకు, పిల్లలూ పెద్దవాళ్లూ వెంట ఉన్నవాళ్లకు, ఒక్క రోజే చేతిలో ఉన్నవాళ్లకు ఇదే సరైన దిక్కు. సులాలో తొలి ద్రాక్ష మొక్కలు నాటింది 1990ల చివర్లో, వైనరీ తలుపు తీసింది 2000లో. 2005లో టేస్టింగ్ రూమ్ పెట్టారు. తాగేవాళ్లను తోట దగ్గరికి రప్పించి అమ్మడం మన దేశంలో ఊపందుకున్నది ఆ తర్వాతే. దాని మంచీ చెడూ రెండూ ఆ పేరులోనే ఉన్నాయి. ఏర్పాట్లు పక్కాగా ఉంటాయి, రెస్టారెంట్లున్నాయి, టూర్లు వేళకు నడుస్తాయి. అయితే చలికాలం శనివారం సాయంత్రం అక్కడ జనం సంక్రాంతి ముందురోజు బస్టాండును తలపిస్తారు. యార్క్ దానికంటే చిన్నది, డ్యామ్ నీళ్లవైపు తెరుచుకుని ఉంటుంది, సూర్యాస్తమయానికి మంచి చోటు. 2021లో దీన్ని సులానే కొనుక్కుంది కాబట్టి, ఈ రెండూ చూసి ‘రెండు వేర్వేరు కంపెనీల పనితనం పోల్చాం’ అనుకోకండి. ఆ పోలికే కావాలంటే సులా పక్కన సోమాను పెట్టుకోవడం మేలు.

నైరుతి దిక్కు ఇగత్‌పురి తాలూకా. ముంబై రోడ్డులో వెళ్లి పక్కకు తిరిగితే సంజేగావ్, కావ్‌నయి ప్రాంతాల్లో గ్రోవర్ జంపా, వలొనే ఉన్నాయి. నాసిక్ నుంచి గంట పైనే పడుతుంది. లోపలి రోడ్లు సన్నవి, వానాకాలంలో గుంతలు ఎక్కువ. గ్రోవర్ మూలాలు బెంగళూరు దగ్గరి నందిహిల్స్‌లో ఉన్నాయి. 1988లో మొదలైన ఆ సంస్థ 2012లో ఇక్కడి జంపాతో కలిసిపోయింది. వలొనే చాలా చిన్నది, ముక్నే డ్యామ్ నీళ్లకు ఎదురుగా ఉంటుంది. మాల్బెక్, వియోనియే లాంటి మన దగ్గర అరుదైన ద్రాక్షలతో అక్కడ వైన్ చేస్తారు. హడావిడి లేకుండా కూర్చుని, ప్రశ్నలడిగి, జవాబులు వినాలనుకునేవాళ్లది ఈ దిక్కు. ముంబై నుంచి కారులో వచ్చేవాళ్లకు ఇవి నాసిక్‌కంటే ముందే తగులుతాయి కాబట్టి రాకలోనో పోకలోనో చూసుకోవచ్చు. నాసిక్‌లో దిగినవాళ్లు వీటికోసం రోజంతా కేటాయించాల్సిందే.

ఉత్తరాన దిండోరి. ఫ్రెంచ్ కంపెనీ మోయెట్ హెన్నెసీ వాళ్ల షాందోన్ ఇక్కడే ఉంది. వాళ్లు ప్రధానంగా చేసేది బుడగల (స్పార్క్లింగ్) వైన్. చెప్పాపెట్టకుండా వెళితే గేటు దగ్గరే ఆగిపోవాల్సి రావచ్చు, ముందే మాట్లాడుకుని వెళ్లండి. మ్యాప్‌లో దిండోరి వైపు కూడా ‘సులా’ అని కనిపిస్తే కంగారు పడకండి. అది ప్రధానంగా ఉత్పత్తి కేంద్రం. జనం ఎక్కువగా చూడటానికి వెళ్లే సులా గంగాపూర్ రోడ్డుది.

తూర్పున నిఫాడ్, వించూర్. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి వైనరీలకు పన్ను రాయితీలిచ్చినప్పుడు వించూర్‌లో వైన్ పార్కు కోసం ప్రత్యేకంగా స్థలాలు కేటాయించారు. పార్కు అన్న పేరు చూసి పచ్చికబయళ్లు ఊహించుకోవద్దు, అదొక పారిశ్రామికవాడ. ఈ వైపు చూడదగ్గది నిఫాడ్ దగ్గర కుందేవాడిలోని రెవెయిలో. ఇటలీలోని సిసిలీ దీవి ద్రాక్షలైన గ్రిల్లో, నీరో దావోలా అక్కడ పండిస్తారు. ఎండ ప్రాంతపు రకాలు కాబట్టి ఇక్కడి వేడిని తట్టుకుంటాయని లెక్క. చలికాలంలో వెళితే దగ్గర్లోని నాందూర్ మధ్మేశ్వర్ పక్షుల అభయారణ్యం కూడా కలుపుకోవచ్చు. ఒక్క వైనరీ కోసం తూర్పు దిక్కుకు అంత దూరం వెళ్లడానికి ఇంకో కారణం అదే.

నిఫాడ్, పింపళ్‌గావ్ దారిలో కిలోమీటర్ల కొద్దీ ద్రాక్ష పందిళ్లు కనబడతాయి. ‘ఇన్ని వైన్ తోటలా!’ అని ఆశ్చర్యపోయేవాళ్లు చాలామంది. అవి వైన్ ద్రాక్షలు కావు. మనం కిలోల లెక్కన కొనుక్కు తినే థామ్సన్ సీడ్‌లెస్, దాని సోదర రకాలు. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహి పందిళ్లు చూసినవాళ్లకు ఆ దృశ్యం పరిచితమే. వైన్ తోటలో పందిరి ఉండదు. నడుమెత్తు ఇనుప తీగల మీద కొమ్మలు నిటారుగా గోడలా పాకుతాయి. కాయ చిన్నది, తోలు మందం, లోపల విత్తనాలుంటాయి. వైన్‌కు రంగూ వగరూ వచ్చేది ఆ తోలూ విత్తనాల నుంచే. తింటే రుచించదేమో అనుకుంటారు గానీ నిజానికి తినే ద్రాక్షకంటే తియ్యగా ఉంటుంది, ఎందుకంటే ఆ చక్కెరే ఆల్కహాల్‌గా మారాలి.

ఎప్పుడు వెళితే ఏం కనిపిస్తుంది

ఫ్రాన్స్, ఇటలీల్లో ద్రాక్షతీగ చలికాలంలో ఆకులన్నీ రాల్చి నిద్రపోతుంది. వసంతంలో చిగురిస్తుంది, సెప్టెంబరు–అక్టోబరులో కోతకొస్తుంది. నాసిక్ 20 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. ఇక్కడ తీగను నిద్రపుచ్చేంత చలి ఉండదు. అందుకని క్యాలెండర్‌ను వాతావరణం బదులు కత్తెర నిర్ణయిస్తుంది. కోత అయిపోయాక ఏప్రిల్ ప్రాంతంలో ఒక కత్తిరింపు చేస్తారు. దాంతో ఎండాకాలంలో కొత్త కొమ్మలు వచ్చి ముదురుతాయి, కాపుకొచ్చే మొగ్గలు వాటిలోనే తయారవుతాయి. వానలు వెనక్కి తగ్గాక సెప్టెంబరు–అక్టోబరులో రెండో కత్తిరింపు. అసలు కాపు దాని తర్వాతే. ఆ గుత్తులు జనవరి నుంచి మార్చి దాకా కోతకొస్తాయి. వానాకాలంలో కాయనిస్తే బూజు తెగులు తోటనే మింగేస్తుంది, అందుకే ఈ తిప్పలన్నీ.

చలికాలపు కోతకు ఇంకో లాభముంది. నాసిక్ దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది. జనవరిలో పగలు 28–30 డిగ్రీలున్నా రాత్రి పదికి, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. రాత్రి వేడిగా ఉంటే కాయలోని పులుపు కరిగిపోతుంది. చల్లగా ఉంటే నిలుస్తుంది. పులుపు లేని వైన్ ఉప్పు లేని పప్పులా చప్పగా ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

కోత, నలుపుడు, పులియడం కళ్లారా చూడాలంటే జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా వెళ్లాలి. బుడగల వైన్‌కు, తెల్ల వైన్‌కు వాడే కాయలు ముందు తెగుతాయి, ఎర్రవి తర్వాత. ఎర్ర వైన్ ట్యాంకులో పులుస్తున్నప్పుడు తోలంతా పైకి తేలి మందపాటి అట్టలా కడుతుంది. దాన్ని రోజుకు రెండు మూడుసార్లు కిందికి నొక్కడమో, అడుగున ఉన్న రసాన్ని పంపుతో పైనుంచి పోయడమో చేస్తారు. వైనరీలో చూడదగ్గ పని ఏదైనా ఉందంటే అదే, ఫిబ్రవరిలోనే ఎక్కువగా దొరుకుతుంది. కాయ చల్లగా ఉండగానే చేరాలని కోత తెల్లవారుజామునే మొదలుపెడతారు. మీరు తాపీగా టిఫిన్ చేసి పన్నెండింటికి వెళితే కడిగిన క్రేట్లు మాత్రమే కనిపిస్తాయి. సులాఫెస్ట్ సంగీతోత్సవం కూడా సాధారణంగా ఈ కోత కాలంలోనే. పాటలకోసం వెళ్లేవాళ్లకు పండగ, వైన్ కోసం వెళ్లేవాళ్లు ఆ శనాదివారాలు తప్పించుకోవడం మంచిది. ఇక కాళ్లతో ద్రాక్ష తొక్కే సరదా ఫొటోల వరకే. ఆ రసంతో వైన్ చేస్తారేమోనని ఎవరూ భయపడక్కర్లేదు.

జూలై–సెప్టెంబరులో తోటల్లో పండు ఉండదు, కానీ కొండలు పచ్చగా, జలపాతాలతో నిండి ఉంటాయి. టేస్టింగ్ రూముల్లో జనం తక్కువ, పోసేవాళ్లకు మాట్లాడే తీరిక ఎక్కువ. నేర్చుకోవాలన్న ఉద్దేశంతో వెళ్లేవాళ్లు నిజానికి వానాకాలం మంగళ, బుధవారాల్లోనే ఎక్కువ నేర్చుకుంటారు. ఏప్రిల్, మే మాత్రం వదిలేయండి. మోడు తీగలు, మండే ఎండ.

తేదీ ఖాయం చేసేముందు డ్రై డేలు చూసుకోవడం చాలామంది మరిచిపోతారు. జనవరి 26 కోత కాలం మధ్యలో వస్తుంది, దానికి శనాదివారాలు కలిస్తే పెద్ద సెలవు, అందరూ అప్పుడే బయల్దేరతారు. ఆ రోజు మద్యం పోయరు. ఆగస్టు 15, అక్టోబరు 2 కూడా అంతే. మహారాష్ట్రలో ఆషాఢ ఏకాదశి లాంటి స్థానిక డ్రై డేలు మన క్యాలెండర్‌లో కనిపించవు. ఎన్నికలుంటే పోలింగ్ ముగిసే వేళకు ముందు 48 గంటలు బంద్. 2027 ఆగస్టు, సెప్టెంబరుల్లో నాసిక్–త్ర్యంబకాల్లో సింహస్థ కుంభమేళా స్నానాలున్నాయి. ఆ రెండు నెలలూ ఆ రోడ్ల మీద వైన్ యాత్ర మాట తలపెట్టకపోవడమే నయం.

‘పొద్దున త్ర్యంబకం, సాయంత్రం సులా’ అని ప్లాను గీసుకునేవాళ్లు తెలుగువాళ్లలో ఎక్కువే. రెండూ పడమటే ఉన్నాయి కాబట్టి మ్యాప్ మీద బాగానే కనిపిస్తుంది. సోమవారమో సెలవురోజో అయితే త్ర్యంబకంలో క్యూ ఎన్ని గంటలు మింగుతుందో ఎవరూ చెప్పలేరు, సాయంత్రం బుకింగు పోతుంది. భక్తికో రోజు, ద్రాక్షకో రోజు విడిగా పెట్టుకుంటే రెండూ తీరిగ్గా అవుతాయి.

ఒకే టూరు రెండుసార్లు చూడకండి

దిక్కూ నెలా తేలాక ఆ దిక్కులో ఉన్నవాటిలో ఏవి? రోజుకు రెండు చాలు, మూడు గరిష్ఠం. ఐదారు వైన్లు రుచి చూశాక నాలుక మొద్దుబారుతుంది, మూడో చోటుకు వచ్చేసరికి అన్నీ ఒకలాగే ఉంటాయి. నాలుగో వైనరీ డబ్బు దండగ.

ఆ రెండింటిలో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉండాలి. టూరు పెద్దదాంట్లో ఒక్కసారి చూస్తే సరిపోతుంది. కాడలు తీసి కాయ నలిపే యంత్రం, రసం పిండే ప్రెస్, స్టీలు ట్యాంకులు, ఓక్ పీపాల గది, సీసాలు నింపే లైను. ఎక్కడైనా ఇదే వరుస. పెద్ద వైనరీలో గైడుకు చెప్పడం అలవాటు, గుంపుతో నడవడం తేలిక. రెండో చోట మళ్లీ అదే టూరుకు డబ్బు కట్టొద్దు. నేరుగా రుచి చూసే బల్ల దగ్గర కూర్చోండి. చిన్న వైనరీలో వైన్ పోసే మనిషే ఒక్కోసారి దాన్ని తయారుచేసిన మనిషి కూడా అయి ఉంటాడు. అక్కడ మీరు డబ్బిస్తున్నది అతని అరగంటకు.

రెండు చోట్లా ఒకే ద్రాక్ష అడగండి. టేస్టింగ్ పట్టీలో ఉన్న ఆరు రకాలూ వరుసగా తాగేసి బయటపడటం కంటే ఇది వందరెట్లు ఉపయోగం. నాసిక్‌లో దీనికి అనువైనవి రెండు. తెల్లవాటిలో షెనిన్ బ్లాంక్, ఎర్రవాటిలో షిరాజ్. దాదాపు అందరూ చేస్తారు. ఒకే మట్టి, ఒకే ఎండ, ఒకే నది నీళ్లు అయినా ఒకరి షెనిన్ జామపండులా కాస్త తియ్యగా, ఇంకొకరిది నిమ్మతొక్కలా పుల్లగా ఉంటుంది. ఒకరు పులియడాన్ని మధ్యలో ఆపి కొంత చక్కెర మిగిలించారు, ఇంకొకరు మొత్తం పులియనిచ్చారు. ఒకరు కాయ ముందు కోశారు, ఒకరు వారం ఆగారు. ఆ నిర్ణయాలు నాలుకకు అందడం మొదలైతే ఇక వైన్ అంటే ‘బాగుంది, బాలేదు’ దగ్గర ఆగిపోదు. షిరాజ్ విషయంలో పీపాలో ఉంచినదీ స్టీలు ట్యాంకులోనే ఉంచినదీ పక్కపక్కన అడగండి. సాధారణ ఓక్ పీపా 225 లీటర్లు పడుతుంది, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు 300. కొత్త పీపా ఖరీదు ఆ 300 సీసాల మీద పడుతుంది కాబట్టే ‘రిజర్వ్’ అని రాసిన సీసా ధర ఎక్కువ. అయితే ‘రిజర్వ్’ అన్న మాటకు ప్రతి వైనరీ తనకు తోచిన అర్థం ఇచ్చుకుంటుంది. ఎన్ని నెలలు పీపాలో ఉంచారో అడిగి తెలుసుకోండి, లేబుల్‌ను నమ్మకండి.

బుడగల వైన్ మీద ఆసక్తి ఉంటే దిక్కే మారుతుంది. ఖరీదైన పద్ధతిలో రెండోసారి పులియడం సీసాలోనే జరుగుతుంది. మూసిన సీసాలో పుట్టిన వాయువు బయటికి పోలేక వైన్‌లోనే కరిగి 5–6 వాతావరణాల ఒత్తిడి పెంచుతుంది. కారు టైరులో ఉండేది దాదాపు దీని సగమే. ఆ తర్వాత చచ్చిన ఈస్ట్‌ను సీసా మూతి దగ్గరికి చేర్చి, మూతి గడ్డకట్టించి, ఆ ముక్కను బయటికి ఎగరగొడతారు. ఈ పని అర్థం చేసుకోవడానికి దిండోరి వెళ్లడం సబబు. ఊరికే ఒక గ్లాసు తాగాలంటే మాత్రం గంగాపూర్ రోడ్డులోనే దొరుకుతుంది.

షడ్రుచులు తెలిసిన నాలుకతో

చాలామంది తెలుగువాళ్ల మొదటి వైన్ అనుభవం తియ్యటి పోర్ట్ వైన్. దాని తర్వాత అసలు ఎర్ర వైన్ నోట్లో పోసుకుంటే మొహం చిట్లిస్తారు, ‘చేదుగా ఉంది’ అంటారు. అది చేదు కాదు, వగరు. పచ్చి అరటికాయ, వక్క, జామపిందె కొరికితే నోరంతా పట్టేసినట్టుండే రుచి. ఉగాది పచ్చడిలో ఆరు రుచులు వేరుచేసి చెప్పగల నాలుకకు వైన్ పరిభాష కొత్తగా నేర్పనవసరం లేదు. పులుపు ఎంత, వగరు ఎంత, తీపి మిగిలిందా లేదా, గొంతులో వేడి తగిలిందా: ఈ నాలుగు చెప్పగలిగితే బల్ల అవతలి మనిషి మీకు తగిన సీసా తీసిపెడతాడు.

తాగే వరుస బుడగలు, తెలుపు, గులాబీ, ఎరుపు, చివర్న తీపి. తిరగేస్తే తర్వాతివి సోదిలో లేకుండా పోతాయి. తీపి తర్వాత తెల్లది తాగితే ఉత్త పులుపే తెలుస్తుంది. తెల్ల వైన్ 8–10 డిగ్రీల దగ్గర, ఎర్రది 16–18 దగ్గర బాగుంటుంది. ‘ఎర్ర వైన్‌ను గది వేడిమిలో తాగాలి’ అన్న మాట యూరప్ గదుల గురించి పుట్టింది. మన 30 డిగ్రీల గదిలో ఎర్ర వైన్ ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ ఇవ్వదు. వెచ్చగా పోస్తే పది నిమిషాలు ఐసు బకెట్లో పెట్టమని మొహమాటం లేకుండా అడగండి.

ఇంకో అడగాల్సిన ప్రశ్న: ఈ సీసా ఎప్పుడు తెరిచారు? జనం తక్కువగా ఉన్న రోజుల్లో రెండు మూడు రోజుల కిందట తెరిచిన సీసాలు అలాగే ఉండిపోతాయి. గాలి తగిలి పాడైన తెల్ల వైన్ కోసి వదిలేసిన యాపిల్ ముక్కలా వాసనొస్తుంది. నెయిల్ పాలిష్, వెనిగర్ ఘాటు వస్తే అది వైన్‌లోనే పుట్టిన దోషం. తడిసిన అట్టపెట్టె వాసన కార్క్ నుంచి వస్తుంది, అయితే మన దేశపు వైన్లు ఎక్కువగా స్క్రూ మూతతో వస్తున్నాయి కనుక ఇది అరుదు. మూతను చూసి చవకరకం అనుకోవద్దు, మన ఎండలకు అదే నయం. ఏదైనా తేడాగా అనిపిస్తే కొత్త సీసా తెరవమనడం తప్పు కాదు.

టేస్టింగ్‌కు ముందే మధ్యాహ్న భోజనంతో కడుపు నింపుకోండి, కానీ గోంగూర, ఆవకాయ స్థాయి కారం ఆ పూటకు పక్కన పెట్టండి. కారం మీద వగరు ఎర్ర వైన్ పడితే మంట రెట్టింపవుతుంది. కారంతోనే తాగాలనుకుంటే కాస్త తీపి మిగిలిన షెనిన్ తీసుకోండి.

స్టీరింగ్ ఎవరి చేతిలో

ఒక టేస్టింగ్‌లో ఐదు రకాలు, ఒక్కోటి 30 మిల్లీలీటర్లు పోశారనుకుందాం. మొత్తం 150. ఆల్కహాల్ 13 శాతమైతే అందులో శుద్ధ ఆల్కహాల్ 19.5 మిల్లీలీటర్లు, బరువులో దాదాపు 15 గ్రాములు. 60 కిలోల మగవాడి రక్తంలో అది 100 మిల్లీలీటర్లకు సుమారు 38 మిల్లీగ్రాములు చూపిస్తుంది. అదే బరువున్న స్త్రీకి 45 దాటుతుంది. మన చట్టం ఒప్పుకునేది 30. అంటే ఒక్క వైనరీలో, ‘రుచి చూడటం’ పేరుతోనే, గీత దాటేసినట్టు. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. శరీరం గంటకు తగ్గించగలిగేది సుమారు 15 మిల్లీగ్రాములే. టీ తాగినా మొహం కడుక్కున్నా ఆ వేగం పెరగదు.

కనుక కారు రోజంతా మాట్లాడుకోండి. యాప్ క్యాబ్ వెళ్లేటప్పుడు దొరుకుతుంది, ఆదివారం రాత్రి ఎనిమిదింటికి సావర్‌గావ్ రోడ్డు మీద వెనక్కి రావడానికి దొరకడం కష్టం. ఎక్కువ రకాలు చూడాలనుకునేవాళ్లు ఉమ్మే గిన్నె అడగాలి. నోట్లో తిప్పి ఉమ్మేయడం వైన్ పనిలో ఉన్నవాళ్లందరూ చేసేదే. తాంబూలం వేసుకున్న వంశాలకు అది కొత్త విద్యేమీ కాదు.

బయల్దేరేముందు ఒక ఫోన్ చేయండి. వెబ్‌సైటు వేళలు పాతవై ఉండొచ్చు. టూరూ టేస్టింగూ ఒకే టిక్కెట్టా, వేర్వేరా? పట్టీలో ఏ వైన్లున్నాయి, రిజర్వ్ రకాలు ఉన్నాయా లేక చవక రకాలేనా? ప్రవేశ రుసుము సీసా కొంటే తగ్గిస్తారా? భోజనం దొరుకుతుందా? పిల్లల్ని రానిస్తారా? వెంట వచ్చే కుర్రాళ్లకు 21 నిండాయో లేదో మీరే చూసుకోండి, వయసు రుజువు అడుగుతారు. చిన్న వైనరీల్లో చివరి ప్రశ్న ఒకటి కలపండి: ఆ రోజు వైన్ తయారుచేసే ఆయన ఉంటారా? ఉంటారంటే మీ వేళ దానికి తగ్గట్టు మార్చుకోండి.

హైదరాబాద్ నుంచి రైలైతే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాద్, నాందేడ్, మన్మాడ్ మీదుగా నాసిక్ రోడ్‌లో దింపుతుంది. షిరిడీ నుంచి వచ్చేవాళ్లకు రోడ్డు మీద 90 కిలోమీటర్ల లోపే. సొంత కారులో హైదరాబాద్ నుంచి మొత్తం దూరం దాదాపు 700 కిలోమీటర్లు కాబట్టి, రోడ్డు ప్రయాణమే ఇష్టమైనవాళ్లు ఒకసారి మ్యాప్ వేరేగా చూడాలి. షోలాపూర్ దాటి అక్లుజ్ దగ్గర ఫ్రాటెల్లి ఉంది, ఇటాలియన్ సాంజియోవేజె ద్రాక్షకు పేరున్న తోట. ముందుగా బుక్ చేసుకుంటేనే రానిస్తారు. నాసిక్ దూరంలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. ఒక్క వైనరీ మాత్రమే చూసి, రాత్రి అక్కడే ఉండి రావాలనుకుంటే హైదరాబాద్ వాళ్లకు నాసిక్ కంటే ఇదే అర్థవంతం.  

కొన్న సీసా ఇంటిదాకా చేరాలంటే

పెట్టె నిండా కొనేముందు మీ రాష్ట్ర ఎక్సైజ్ నిబంధన కనుక్కోండి. మహారాష్ట్రలో పన్ను కట్టిన సీసా తెలంగాణలోనో ఆంధ్రలోనో బయటి రాష్ట్రపు మద్యమే అవుతుంది, సరిహద్దు చెక్‌పోస్టులో బిల్లు చూపిస్తే సరిపోదు. విమాన భద్రతా నియమాలు వేరు. 24 శాతం లోపు ఆల్కహాల్ ఉన్నవాటికి చెక్-ఇన్ సామానులో పరిమాణం మీద పరిమితి లేదు. అది విమానం సంగతే, రాష్ట్రం సంగతి కాదు. కాబట్టి హైదరాబాద్‌లోనూ దొరికే రకాలను అక్కడినుంచి మోసుకు రావొద్దు. బయట అమ్మనివి, వైనరీ బల్ల దగ్గర మాత్రమే దొరికేవి ఒకటో రెండో చూసుకోండి.

లేబుల్ మీద సంవత్సరం చూడండి. నాసిక్‌లో కోత సంవత్సరం మొదట్లోనే అయిపోతుంది కాబట్టి ఆ ఏటి తెల్ల వైన్ ఆ ఎండాకాలానికే సీసాలోకి వచ్చేస్తుంది. ఇక్కడి తెల్లవాటిలో ఎక్కువ రకాలు ఏడాది రెండేళ్లలో తాగేయాల్సినవే. మూడేళ్ల కిందటి షెనిన్ తగ్గింపు ధరకు ఇస్తున్నారంటే కారణం అదే. సీసాలు కొన్నాక మధ్యాహ్నం కారు డిక్కీలో వదిలి భోజనానికి పోకండి. మూసిన డిక్కీ 50 డిగ్రీలు దాటడానికి గంట చాలు, ఆ వేడికి వైన్ ఉడికిపోయి రంగు మారి జామ్ వాసన పడుతుంది. సాయంత్రం చివరి వైనరీ దగ్గర కొని, ఏసీ నడుస్తుండగా, సీటు కింద పెట్టుకోండి.